కంప్యూటరుకు జ్ఞాపకం ఎంత వుండాలి?

ఫిల్మ్‌నగర్ అనగానే మనకు తోచేవి తారల మేడలు, గేట్ల ముందు కాచుకుని నిలబడే అభిమానులు, తళతళలాడే కార్లు. జూబిలీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఆ కొండదారుల వెంట పోయేవారు మెడ చాచి చూసేది వాటికోసమే. కాని ఆ వీధుల్లోనే, పై అంతస్తులలో, కిటికీలకు నల్లని తెరలు కట్టిన గదులు కొన్ని వున్నాయి. పగలూ రాత్రీ తేడా తెలియని ఆ గదులలో పాతికేళ్ళ కుర్రాళ్ళూ, అమ్మాయిలూ కంప్యూటర్ల ముందు కూర్చుని పని చేస్తూంటారు. తెర మీద ఏనుగు ఘీంకరించిందంటే, దాని తొండం మీది ముడతలు దిద్దినవారు వీళ్ళే. కథానాయకుడు కొండ మీదినుంచి దూకాడంటే, ఆ కొండ కింద లోయ తవ్వినవారూ వీళ్ళే.

మా చెల్లెలి కొడుకు ఆ గదులలో ఒక కుర్చీ కోసం చాలాకాలం ప్రయత్నించాడు. 2024 వేసవిలో ఒక సంస్థవారు అతనికి పరీక్ష పెట్టారు. పది సెకన్ల షాటు ఒకటి ఇచ్చి, "ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబడిన మనిషి వెనుక కోట పెట్టు, కోట మీద పొగ పెట్టు, నాలుగు రోజుల్లో పట్టుకురా" అన్నారు.

పని వచ్చినవాడే. కాని ఇంట్లో వున్న కంప్యూటరు మొరాయించింది. బొమ్మ రెండు సెకన్లు కదిలి ఆగిపోతుంది. మౌసు కదిపితే ఒక నిమిషానికి గాని పలకదు. రెండో రోజు సాయంత్రం వాడు సికిందరాబాదులో ఒక దుకాణానికి పరుగెత్తాడు. అక్కడి పెద్దమనిషి యంత్రం వివరాలు విని, "ఇది డీడీఆర్ 4 మెమరీ బాబూ! దాని కాలం చెల్లింది. ఇప్పుడంతా డీడీఆర్ 5. అది వేయాలంటే మదర్‌బోర్డు మార్చాలి, ప్రాసెసరు మార్చాలి" అని ఒక కాగితం మీద లెక్క వేసి ఇచ్చాడు.

ఆ కాగితం చూచి మా చెల్లెలు నాకు ఫోను చేసింది.

"అన్నయ్యా, చిట్టీ పాడేయమంటావా? ఈ నెల పాడితే తోపుడు చాలా పోతుంది. పైగా అది అమ్మాయి కాలేజీ ఫీజు కోసం దాచిన చిట్టీ."

"తొందరపడకు. నేను వస్తున్నాను" అన్నాను. నాకు ఆ విద్యలో పెద్ద ప్రవేశం లేదు. కాని ఫీజు డబ్బు ఖర్చయ్యేముందు, కొత్త తరం మెమరీ పాతదానికన్నా ఎంత మేలు, ఏ పనికి మేలు అన్నది తెలుసుకుని తీరాలనిపించింది. ఆ రెండు రోజులలో, ఆ తరువాత, నేను తెలుసుకున్నదే ఈ వ్యాసం. ఇలాంటి కాగితం రేపు మీ ఇంటికీ రావచ్చు.

గట్టు, కొట్టుగది, బజారు

కంప్యూటరులో దాచుకునే చోట్లు రెండు రకాలు. ఫోటోలు, పాటలు, ఉత్తరాలు శాశ్వతంగా వుండే చోటు డిస్కు. పని జరుగుతున్నంతసేపూ కావలసిన సరుకు చేతికందేటట్టు పెట్టుకునే చోటు మెమరీ. దీన్నే ర్యామ్ అంటారు. కరెంటు పోతే డిస్కులోది వుంటుంది, ర్యామ్‌లోది పోతుంది.

ఇల్లాలికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. పొయ్యి పక్క గట్టు ర్యామ్. కొట్టుగది డిస్కు. వంట చేస్తూండగా ఉప్పు గట్టు మీద వుంటే చేయి చాస్తే చాలు. గట్టు ఇరుకైతే ప్రతి దినుసుకూ కొట్టుగదికి నడవాలి. ఈ నడక ఎంత దూరమో వినండి. ప్రాసెసరు అడిగిన ముక్క మెమరీ నుంచి రావడానికి సుమారు సెకనులో కోటో వంతు పడుతుంది. ఈనాటి ఎస్ఎస్‌డీ డిస్కు నుంచి రావడానికి సుమారు పదివేలో వంతు. పాతకాలపు తిరిగే హార్డు డిస్కుకైతే నూరో వంతు. అన్నీ రెప్పపాటు లోపలివే గదా అనిపిస్తుంది. కాని గట్టు మీది ఉప్పు అందుకోవడానికి ఒక నిమిషం పడుతుందనుకుంటే, ఎస్ఎస్‌డీ అనే కొట్టుగదికి వెళ్ళి రావడానికి పదహారు గంటల నలభై నిమిషాలు పడుతుంది. హార్డు డిస్కయితే అది కొట్టుగది కూడా కాదు, దూరదేశపు బజారు. వెళ్ళి రావడానికి అరవైతొమ్మిది రోజులు!

గట్టు చాలని కంప్యూటరు ఎందుకు మొరాయిస్తుందో ఈ లెక్కే చెబుతుంది.

చిల్లుకుండలో నీళ్ళు

మెమరీ చరిత్ర కూడా మన సినిమా చరిత్రలాగే తమాషాగా వుంటుంది. 1957లో "మాయాబజార్" వచ్చినప్పుడు ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరిపడడం కెమెరా ముందు చేసిన చమత్కారం. కంప్యూటరు మాటే లేదు. ముంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 1960లో నడిపించిన టిఫ్రాక్ అనే కంప్యూటరు మన దేశంలో తయారయిన తొలి యంత్రాలలో ఒకటి. దాని జ్ఞాపకమంతా సన్నని అయస్కాంతపు ఉంగరాలలో వుండేది. మొత్తం కలిపితే పదివేల బైట్లకు కాస్త పైన. ఈ వ్యాసంలో సగమైనా అందులో పట్టదు.

ఆ ఉంగరాల స్థానంలోకి వచ్చిన పద్ధతి అమెరికాలో ఐ.బి.ఎం. ఇంజనీరు రాబర్ట్ డెన్నార్డ్ కనిపెట్టినది. 1968లో ఆయనకు పేటెంటు ఇచ్చారు. అందులో ఒక్కొక్క అక్షరపు తునకకు, అంటే బిట్టుకు, ఒక చిన్న ట్రాన్సిస్టరు, విద్యుత్తు నిలువచేసే ఒక చిన్న కపాసిటరు వుంటాయి. కపాసిటరు నిండితే "ఒకటి", ఖాళీ అయితే "సున్న". అయితే ఆ కపాసిటరు చిల్లుకుండ. నింపిన కొద్దిసేపటికే కారిపోతుంది. అందుచేత పూర్తిగా కారిపోయేలోపల చదివి మళ్ళీ నింపుతూ వుండాలి. డీడీఆర్ 4లో ప్రతి కుండనూ సెకనుకు పదిహేనుసార్లకు పైగా నింపుతారు. డీడీఆర్ 5లో ముప్పయిసార్లకు పైగా. సినిమా బొమ్మ సెకనుకు 24 సార్లు మారితే మన కళ్ళు మోసపోతున్నాయి. కంప్యూటరు జ్ఞాపకమూ అలాంటి ఆగని తిరుగుడే.

1970లో ఇంటెల్ కంపెనీ 1103 అనే చిప్పును బజారులో పెట్టింది. అది 1024 బిట్లు పట్టేది. ఈనాటి 4కె సినిమాలో ఒక్కటంటే ఒక్క ఫ్రేము దాచాలంటే అలాంటి చిప్పులు నాలుగు లక్షల పద్నాలుగు వేలకు పైగా కావాలి.

బస్సు పెద్దదయింది, ప్రయాణం అంతే

ఇక తరాల సంగతి. మెమరీకి కొలతలు నిర్ణయించే జెడెక్ అనే సంస్థ 2000లో డీడీఆర్ ప్రమాణం ప్రకటించింది. తరువాత 2003లో డీడీఆర్ 2, 2007లో డీడీఆర్ 3, 2012లో డీడీఆర్ 4, 2020లో డీడీఆర్ 5 వచ్చాయి. మొదటి తరానికి 2.5 వోల్టుల కరెంటు కావలసివస్తే మూడోదానికి 1.5, నాలుగోదానికి 1.2, అయిదోదానికి 1.1 చాలు. అంటే తరతరానికీ తిండి తగ్గింది, బరువు మోసే శక్తి పెరిగింది.

ఎంత పెరిగింది? డీడీఆర్ 3లో 1600 రకం స్టిక్కు సెకనుకు 12.8 గిగాబైట్లు అందిస్తుంది. డీడీఆర్ 4లో 3200 రకం 25.6 అందిస్తుంది. డీడీఆర్ 5లో 6400 రకం 51.2. తరానికి రెట్టింపు! దుకాణదారు గొప్పగా చూపించే అంకె ఇదే. అబద్ధమేమీ కాదు.

కాని రెండో అంకె ఒకటి వుంది. దాన్ని అడిగితేగాని ఎవరూ చెప్పరు. అడిగిన తరువాత మొదటి ముక్క బయటికి రావడానికి స్టిక్కు ఎంతసేపు తీసుకుంటుంది? పైన చెప్పిన డీడీఆర్ 3 స్టిక్కు ప్రమాణం ప్రకారం తీసుకునేది 13.75 నానోసెకన్లు. డీడీఆర్ 4 స్టిక్కు కూడా సరిగ్గా 13.75 నానోసెకన్లే! డీడీఆర్ 5 కొత్తగా వచ్చిన రోజులలో అమ్మిన 4800 రకం స్టిక్కులు చాలావాటికి 16 నానోసెకన్లు దాటేది. అంటే ఈ విషయంలో మనవడు తాతకన్నా నిదానం. తరువాత మంచి రకాలు వచ్చి ఆ లోటు తీరిందనుకోండి.

హైదరాబాదు వారికి ఇది డబుల్ డెక్కరు బస్సు ఉదాహరణతో చెబితే తేలిక. ఒక అంతస్తు బస్సు తీసి రెండంతస్తుల బస్సు వేస్తే ఒక్కొక్క ట్రిప్పుకు ఎక్కువమంది వెళతారు. కాని సికిందరాబాదు నుంచి చార్మినారు చేరడానికి పట్టే సమయం తగ్గదు. జనం వందల సంఖ్యలో కాచుకుని వున్నప్పుడు డబుల్ డెక్కరు వరప్రసాదం. ఒక్కరే ఎక్కవలసివుంటే ఏ బస్సయినా ఒకటే.

స్టిక్కు మీద "సి.ఎల్." అని ఒక అంకె వుంటుంది. దాన్ని 2000తో హెచ్చవేసి, స్టిక్కు వేగంతో భాగిస్తే ఈ నానోసెకన్లు తేలుతాయి. సి.ఎల్. 16 వున్న 3200 రకానికి పది. సి.ఎల్. 32 వున్న 6400 రకానికీ పదే. సి.ఎల్. 40 వున్న 4800 రకానికి పదహారున్నరకు పైన. ఈ చిన్న లెక్క ఎనిమిదో తరగతి పిల్లవాడు వేయగలడు. మీ పిల్లవాడి చేత వేయించి చూడండి.

పది సెకన్ల బొమ్మకు ఎంత చోటు?

ఈ జ్ఞానమంతా మూటగట్టుకుని మా మేనల్లుడి పక్కన కూర్చున్నాను. "ఒరే, నీ పది సెకన్లకు ఎంత గట్టు కావాలో లెక్క వేద్దాం" అన్నాను.

4కె సినిమా ఫ్రేములో అడ్డంగా 4096 చుక్కలు, నిలువుగా 2160 చుక్కలు. మొత్తం 88,47,360. చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు రంగులు. ఇలాంటి పనిలో రంగుకు రెండు బైట్లు వాడడం మామూలు. అప్పుడు ఒక ఫ్రేముకు సుమారు అయిదు కోట్ల ముప్పయి లక్షల బైట్లు. సెకనుకు 24 ఫ్రేములు. పది సెకన్లకు 240. కూడితే 12.7 గిగాబైట్లు తేలింది. పొగా, కోటా, మనిషీ వేరువేరు పొరలుగా వుంటే ఇంకా పైమాట.

"మరి నీ కంప్యూటరులో ఎంత వుంది?"

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు కలిపి నొక్కాడు. టాస్క్ మేనేజర్ అనే పట్టిక తెరుచుకుంది. అందులో మెమరీ అన్నచోట చూస్తే వున్నదే 8 గిగాబైట్లు. అందులో విండోసు తన వాటా ముందే తీసుకుంది. మిగిలింది నిండి పొర్లుతున్నది. ఒక మూల "వాడుకలో వున్న స్లాట్లు: నాలుగింటిలో ఒకటి" అని కూడా వుంది.

నాకు నవ్వు వచ్చింది. పన్నెండున్నర బస్తాల ధాన్యం ఎనిమిది బస్తాల గాదెలో పోసి, గాదె పాతదయింది కొత్తది కొనమన్నట్టున్నది దుకాణదారు మాట! గాదె ఏ తరందని కాదు, చాలనిదని తగాదా. ఎనిమిది గిగాబైట్ల డీడీఆర్ 5 తెచ్చి పెట్టినా ఆ బొమ్మ రెండు సెకన్లకు ఆగిపోయేదే.

మర్నాడు పార్కులేనులోని కంప్యూటరు బజారు, అదే చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి, 16 గిగాబైట్ల డీడీఆర్ 4 స్టిక్కులు రెండు తెచ్చాము. ఒకటే 32ది కాక రెండు 16లు ఎందుకంటే, రెండు స్టిక్కులను సరైన స్లాట్లలో పెడితే ప్రాసెసరు రెంటినుంచీ ఒకేసారి తీసుకుంటుంది. దారి రెండు వరుసలదవుతుంది. తరం మార్చకుండానే వేగం రెట్టింపు చేసుకునే ఉపాయం ఇది. ఏ స్లాట్లలో పెట్టాలో మదర్‌బోర్డు పుస్తకంలో బొమ్మ వేసి వుంటుంది.

ఆ రాత్రి తొమ్మిది గంటలకు పది సెకన్ల బొమ్మ ఆగకుండా ఆడింది. వాడు పదిసార్లు వేసి చూచుకున్నాడు. చిట్టీ జోలికి పోనక్కరలేకపోయింది.

పాత 8 గిగాబైట్ల స్టిక్కు మిగిలింది గదా, దాన్ని అమ్మాయి కంప్యూటరులో పెడదామని మా చెల్లెలు ముచ్చటపడింది. అది ఇంకా పాత యంత్రం, డీడీఆర్ 3ది. స్టిక్కు అందులో ఎక్కలేదు. ఒక తరం స్టిక్కు మరొక తరం స్లాటులో పట్టకుండా అడుగున గాడి ఒక్కొక్క తరానికి ఒక్కొక్క చోట కోస్తారు. బలవంతంగా నొక్కితే విరిగేది మన సొమ్మే. పాతదానికీ కొత్తదానికీ సంబంధం కలపడం ఈ కులంలో లేదు.

మరి కొత్త తరం ఎవరికి?

ఇంతమాత్రాన డీడీఆర్ 5 పనికిరాదనుకోవద్దు. 2021 చివర ఇంటెల్ తెచ్చిన ప్రాసెసర్లు మదర్‌బోర్డును బట్టి డీడీఆర్ 4నూ, డీడీఆర్ 5నూ కూడా తీసుకునేవి. అందువల్ల ఒకే ప్రాసెసరు పక్కన రెండు తరాలనూ పెట్టి తూచడానికి వీలయింది. తేలినదేమిటంటే: ఉత్తరాలు వ్రాయడం, లెక్కలు చూసుకోవడం, ఇంటర్నెట్టు చూడడం వంటి పనులలో తేడా మనిషికి తెలియదు. ప్రాసెసరు తన ఒళ్ళోని కొద్దిపాటి సామానుతో గంటలకొద్దీ లెక్కలు కట్టే రెండరింగులో కూడా తేడా స్వల్పం. పెద్దపెద్ద ఫైళ్ళను కుదించడం వంటి, సరుకు ఎడతెగకుండా పారవలసిన పనులలో మాత్రం కొత్త తరం స్పష్టంగా ముందుంది.

సినిమా పనిలో అలాంటిదేదంటే నీళ్ళూ, పొగా, మంటా. "బాహుబలి" (2015) జలపాతం వంటిది కంప్యూటరులో పుట్టించాలంటే కోట్ల బిందువులు ప్రతి ఫ్రేములోనూ ఎటు కదిలాయో లెక్క కట్టాలి. ప్రతి బిందువు సంగతీ మెమరీ నుంచి రావాలి, మారి మళ్ళీ మెమరీలోకి పోవాలి. అక్కడ జనం వేలసంఖ్యలో బస్సుకోసం కాచుకుని వున్నారన్నమాట. డబుల్ డెక్కరు కావలసిందే.

ఒకటి మాత్రం గమనించదగ్గది. "ఈగ" బొమ్మ 2012 జూలైలో విడుదలయింది. ప్రత్యేక చిత్రకల్పనకు హైదరాబాదులోని మకుట సంస్థకు జాతీయ బహుమతి తెచ్చింది. డీడీఆర్ 4 ప్రమాణం ప్రకటించినది ఆ తరువాత, సెప్టెంబరులో. అప్పటికి బజారులో వున్నది డీడీఆర్ 3, అంతకుముందు తరాలే. ఈనాడు దుకాణదారులు చేత్తో ముట్టని ఆ తరాల కాలంలోనే ఈగ రెక్కలాడించి దేశాన్ని మెప్పించింది.

కొనేముందు ఒక్క మాట

మన ఇళ్ళకు పనికివచ్చే వరుస ఇది. మొదట చోటు చాలుతుందో లేదో చూడండి. పని చేస్తూండగా మెమరీ నిండిపోతూంటే చోటు పెంచండి. తరువాత ఒకే స్టిక్కు వుంటే జత చేయండి. డిస్కు ఇంకా తిరిగే రకమైతే ఎస్ఎస్‌డీ వేయించండి. ఇవన్నీ అయినా పని సాగకపోతే అప్పుడు తరం మార్చే ఆలోచన చేయండి. కొత్త కంప్యూటరే కొనేటట్టయితే మాత్రం కొత్త తరం తీసుకోవడం న్యాయం, ముందు ముందు స్టిక్కులు దొరుకుతాయి. లాప్‌టాపు కొనేవారు మరొకటి అడగాలి. కొన్నింటిలో మెమరీని బోర్డుకే అతికిస్తారు. తరువాత పెంచుకునే వీలుండదు. ఇంకా, గ్రాఫిక్సు కార్డుకు దాని మెమరీ దానికి వేరే వుంటుంది. ఆ అంకెను ఈ అంకెతో కలిపి చెబితే నమ్మవద్దు.

పాతది కదా, చవకగా దొరుకుతుందిలే అనుకోవడానికీ లేదు. 2025లో కృత్రిమ మేధ యంత్రశాలలు మెమరీని కుప్పలుగా కొనడం మొదలుపెట్టాయి. పెద్ద కంపెనీలు డీడీఆర్ 4 తయారీ తగ్గించుకున్నాయి. ఆ ఏడాది చివరికి పాతా కొత్తా రెంటి ధరలూ బాగా పెరిగాయి. అందుచేత అవసరం లేని మార్పు ఇంటికి మరింత భారం. ఇంట్లో మిగిలిన మంచి స్టిక్కును చెత్తబుట్టలో వేయకండి.

మా మేనల్లుడు నాలుగో రోజు మధ్యాహ్నం షాటు ఇచ్చి వచ్చాడు. వారం తిరక్కుండానే పిలుపు వచ్చింది. ఇప్పుడు వాడి గదిలో డీడీఆర్ 5 యంత్రమే వున్నది. "మామయ్యా, పొగ పని ఇక్కడ ఎంత త్వరగా అవుతుందో!" అన్నాడు మొన్న. ప్రాసెసరు కూడా కొత్తదే గనుక ఆ గొప్పంతా మెమరీదేనని నేను ఒప్పుకోలేదు. అమ్మాయి ఫీజు ఆ ఏడు వేళకే కట్టారు.

స్టిక్కులు బిగించిన ఆ రాత్రి నేను ఇంటికి బయలుదేరి వీధి మలుపు తిరిగేసరికి వెనకనుంచి మా చెల్లెలు కేక వేసింది. కళ్ళజోడు అక్కడే మరచిపోయాను.

"మా మెమరీ సరే అన్నయ్యా, నీది ఏ తరందో ముందు చూచుకో!"